బీపీ మాత్ర మొదలుపెట్టాక క్రియాటినిన్ పెరిగింది, ఆపేయాలా?

ప్రశ్న: నాన్నగారికి బీపీ 156/94. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోతోందని టెల్మిసార్టాన్ 40 రాశారు. మూడు వారాలకు రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ వడపోసి బయటికి పంపే వ్యర్థం) 1.4 నుంచి 1.7 అయింది. కిడ్నీని కాపాడే మందన్నారు, మరి ఇదేంటండీ?

జవాబు: మీ అంతట మీరు ఆపకండి. బీపీ ఎక్కువైతే కిడ్నీలో రక్తాన్ని వడపోసే సన్నటి నాళాల గుత్తి మీద ఒత్తిడి పడుతుంది. ఆ జల్లెడ దెబ్బతిని ఆల్బుమిన్ కారుతుంది. ఈ మాత్ర గుత్తి నుంచి బయటికెళ్లే నాళాన్ని వదులు చేస్తుంది. లోపలి ఒత్తిడి దిగుతుంది, దాంతోపాటే వడపోత కాస్త తగ్గి క్రియాటినిన్ పెరుగుతుంది. మొదటి 4 వారాల్లో 30 శాతం లోపు పెరిగితే సాధారణంగా మాత్ర కొనసాగిస్తారు. మీ లెక్క 21 శాతం. 1.82 (1.4 మీద 30 శాతం) దాటితే మాత్రం కారణం వెతకాలి: ఒంట్లో నీరు తగ్గిందా, వేరే మందులా, కిడ్నీకి వెళ్లే ధమని సన్నబడిందా అని.

జవాబు: రక్తంలో పొటాషియం ఎంతో రాయలేదు, ఈ మాత్రతో అది పెరగొచ్చు కాబట్టి నాకు అదే ముఖ్యం. 5.5 దాటితే ఆ రోజే డాక్టర్‌కి చెప్పాలి. సోడియం తక్కువని అమ్మే ఉప్పులో తరచూ పొటాషియం క్లోరైడ్ ఉంటుంది, అది వద్దు.

ప్రశ్న వేసినవారు: పొటాషియం 4.9. మోకాళ్లకు డైక్లోఫెనాక్ వేసుకుంటున్నారు.

జవాబు: అసలు సంగతి అదే కావచ్చు! అది కిడ్నీలోకి వచ్చే నాళాన్ని బిగిస్తుంది. రెండూ కలిస్తే వడపోత పడిపోతుంది. నొప్పికి వేరే మందు అడిగి, డైక్లోఫెనాక్ మాన్పించి, 1–2 వారాల్లో క్రియాటినిన్, పొటాషియం మళ్లీ చేయించండి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే టెల్మిసార్టాన్ తాత్కాలికంగా ఆపాలా అని వెంటనే ఫోన్ చేసి కనుక్కోండి.