సోలో జాజ్ పియానో వింటుంటే లెక్క తప్పిపోతోంది, ఏం పట్టుకోవాలి?

పియానోతో పాటు బాస్, డ్రమ్స్ ఉన్న ట్రియో (ముగ్గురి) రికార్డింగులు హాయిగా ఫాలో అవుతాను. పియానో ఒక్కటే ఉంటే మాత్రం పాటలో ఎక్కడున్నానో తెలియడం లేదు. అయినా నాకు ఎక్కువ ఇష్టం సోలోలే. ఒక్క మనిషి రెండు చేతులతో పాటంతా మోయడం, మధ్యలో ఆ నిశ్శబ్దాలు, ఇంకెక్కడా దొరకవు.

ప్రస్తుతం కూర్చున్నది జాజ్ పియానిస్ట్ ఆర్ట్ టేటమ్ 1949లో వాయించిన ‘విల్లో వీప్ ఫర్ మీ’తో. పాట కట్టడం తెలుసు: ఎనిమిదేసి బార్ల (నాలుగేసి బీట్ల గుంపుల) చొప్పున 32 బార్లు, ఏ-ఏ-బి-ఏ. అంటే ఒకే రాగం రెండుసార్లు (ఏ), తర్వాత వేరే రాగం (బి), చివర మళ్లీ మొదటిది. మొదటి ఎనిమిది బాగానే పట్టుకుంటాను. ఆ తర్వాత కుడిచెయ్యి పైనుంచి జలజలా జారుతూ వచ్చే పరుగు అందుకుంటుంది, ఎడమచేతి బీట్ ఆగిపోతుంది. బీట్ మళ్లీ మొదలయ్యేసరికి అది రెండో ఏనా, బి వచ్చేసిందా అర్థం కాదు.

ముందు ఇదే పాటను గాయకులు పాడగా విని రాగం నోటికి తెచ్చుకున్నాను. శ్రుతి మారకుండా వేగం 0.75కి తగ్గించాను. కర్ణాటక కచేరీలో లాగా చేత్తో తాళం వేశాను. పరుగు దగ్గర తాళమే రబ్బరులా సాగుతుంది కాబట్టి అది అసలు పనికిరాలేదు. ఇంకో జాజ్ పియానిస్ట్ థెలోనియస్ మంక్ సోలోల్లో ఎడమచెయ్యి స్ట్రైడ్‌లో (కింది స్వరం, పై కార్డ్ మార్చిమార్చి వాయించే పద్ధతిలో) నడుస్తున్నంతసేపూ ఈ ఇబ్బంది లేదు. కాబట్టి చిక్కంతా బీట్ నిలకడ తప్పే చోటే అనుకుంటున్నాను.

నాకు పియానో రాదు, నొటేషన్ చదవలేను. చెవితోనే నేర్చుకున్నవాళ్లు చెప్పండి: బీట్ ఆగినప్పుడు బి భాగం మొదలైందని మీరు దేన్నిబట్టి గుర్తుపడతారు, ఎడమచేతి కింది స్వరాన్నిబట్టా, మనసులో పాడుకునే రాగాన్నిబట్టా?