లింబ్ గర్డిల్ డిస్ట్రఫీ, 58 ఏళ్లు: ఏది వయసు, ఏది జబ్బు?

ప్రశ్న:
లింబ్ గర్డిల్ మస్క్యులర్ డిస్ట్రఫీ (తుంటి, భుజాల కండరాలు క్రమంగా క్షీణించే జబ్బు), వయసు 58. ఇంట్లో కర్ర సాయంతో నడక, బయట వీల్‌చెయిర్. ఈ ఏడాదిలో వచ్చిన మార్పులు: కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఊతం కావాలి, పొద్దున్నే తలనొప్పి, పగలు కునికిపాట్లు. రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీల కోసం చూసేది) 0.3, ఎస్‌జీపీటీ (లివర్ కోసం చూసేది) ఎక్కువ. అందరూ "వయసు కదా" అంటున్నారు. నిజంగా వయసేనా?

జవాబు 1:
తలనొప్పి, కునికిపాట్లు జోడీగా వచ్చాయంటే వయసు సంగతి పక్కనపెట్టి ముందు ఊపిరి చూపించుకోండి. కలలొచ్చే నిద్రలో ఊపిరి బరువంతా డయాఫ్రమ్ (ఊపిరితిత్తుల కింద ఉండే ఊపిరి కండరం) మీదే పడుతుంది. అది నీరసించి ఉంటే కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయి తెల్లారేసరికి తల పట్టేస్తుంది. పగలు ఆక్సిమీటర్‌లో 97 కనపడిందని నిశ్చింతగా ఉండొద్దు, రాత్రి సంగతి దానికి తెలీదు.

స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊది ఊపిరి కొలిచే పరీక్ష) కూర్చుని ఒకసారి, వెల్లకిలా పడుకుని ఒకసారి చేయమని అడగండి. అడక్కపోతే కూర్చోబెట్టి చేసి పంపించేస్తారు. పడుకున్నప్పుడు ఎఫ్‌వీసీ (నిండా పీల్చి బలంగా వదిలే మొత్తం గాలి) 25 శాతానికి మించి పడిపోతే డయాఫ్రమ్‌ని అనుమానించాలి. దాంతోపాటు రాత్రంతా ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ రికార్డు చేయించాలి. తేడా తేలితే కావలసింది బైపాప్ (పీల్చేటప్పుడు ఎక్కువ, వదిలేటప్పుడు తక్కువ ఒత్తిడితో మాస్క్ ద్వారా గాలినిచ్చే యంత్రం). సీపాప్ ఒకే ఒత్తిడితో గొంతును తెరిచి ఉంచుతుందంతే, ఊపిరి పీల్చే కండరం పనిని అది చేసిపెట్టదు. ఉత్త ఆక్సిజన్ పెట్టడం ఇంకా ప్రమాదం: మీటర్‌లో అంకె బాగుంటుంది, లోపల కార్బన్ డయాక్సైడ్ పెరుగుతూనే ఉంటుంది.

దగ్గు బలం కూడా కొలిపించండి. పీక్ ఫ్లో మీటర్‌లోకి దగ్గితే నిమిషానికి 270 లీటర్ల లోపు వస్తోందంటే, జలుబు చేసినప్పుడు కఫం లోపలే ఉండిపోతుంది. ఆంబూ బ్యాగ్‌తో (చేత్తో నొక్కి గాలి పంపే సంచి) ఊపిరి మీద ఊపిరి నింపుకుని, పక్కవాళ్లు పొట్ట నొక్కుతుండగా దగ్గడం ఒంట్లో బాగున్నప్పుడే నేర్చుకోవాలి.

జవాబు 2:
క్రియాటినిన్ గురించి. అది పుట్టేదే కండరంలో. కండరం తరిగిపోయినవాళ్లకి 0.3 అంటే కిడ్నీలు బ్రహ్మాండంగా ఉన్నాయని కాదు. అవి సగం పని మానేసినా 0.6 అవుతుంది, ల్యాబ్ కాగితం మీద అది నార్మలే. ఆ అంకెను నమ్ముకుని నొప్పి మాత్రలు, బీపీ మాత్రలు మోతాదు పెంచుకుంటూ పోతే చిక్కు. సిస్టాటిన్ సి అనే రక్తపరీక్ష చేయించండి, దానికి కండరంతో పెద్దగా సంబంధం లేదు.

ఎస్‌జీపీటీ కండరంలోంచీ కారుతుంది. సీపీకే (కండరం దెబ్బతింటే పెరిగేది) ఎక్కువగా ఉండి జీజీటీ (లివర్ ఎంజైమ్) మామూలుగా ఉంటే అది చాలావరకు కండరం గొడవే, లివర్‌ది కాదు.

జవాబు 3:
లేవడానికి బలం పెంచాలని గుంజీలు మొదలుపెట్టకండి. గుంజీలు, మెట్లు దిగడం లాంటివాటిలో కండరం సాగుతూ బరువు మోస్తుంది, డిస్ట్రఫీలో దెబ్బతినేది అక్కడే. వ్యాయామం మర్నాడు కూడా నొప్పి ఉంటే మోతాదు మించినట్టు. మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

మార్చాల్సింది కుర్చీ. సీటు 45 సెంటీమీటర్లుంటే ముందు 5 పెంచి చూడండి. లేచేముందు తుంటి మోకాలికన్నా ఎత్తులో ఉండాలి, పాదాలు మాత్రం నేలకి పూర్తిగా ఆనాలి. దిండు వేసి పెంచితే లాభం లేదు, కూర్చోగానే అణిగిపోయి తుంటి మళ్లీ కిందికే వస్తుంది. కుర్చీ కాళ్ల కింద గుంట ఉన్న దిమ్మెలు పెట్టండి, కాలు జారదు. చేతులాన్చుకునే కుర్చీ తప్పనిసరి. కమోడ్‌కీ ఇదే లెక్క.

ప్రశ్న అడిగినవారు:
చాలా ఉపయోగం అండి. ఈమధ్య చేతివేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. అదీ డిస్ట్రఫీయేనా?

జవాబు 2:
కాదండి, డిస్ట్రఫీ స్పర్శను ముట్టుకోదు. మెడ ఎముకలు అరిగి నరం నొక్కుకోవడమో, కర్ర మీద బరువు వేసి మణికట్టు దగ్గర నరం నలగడమో, షుగరో, బి12 లోపమో చూడాలి. తిమ్మిరితోపాటు మూత్రం ఆపుకోలేకపోతుంటే ఆలస్యం చేయకుండా మెడ ఎంఆర్‌ఐ. ఇలాంటివి జబ్బు ఖాతాలో పడి మరుగున పడిపోతాయి.

జవాబు 1:
ఒక్కటి మర్చిపోయాను. ఏ ఆపరేషన్‌కైనా మత్తు డాక్టర్‌కి జబ్బు పేరు ముందే చెప్పండి, సక్సినైల్‌కోలిన్ (మత్తిచ్చేటప్పుడు కండరాలను వదులు చేసే మందు) వద్దని కాగితం మీద రాయించండి. పొటాషియం ఒక్కసారిగా పెరిగి గుండె ఆగొచ్చు. ఆపరేషన్ అయ్యాక బైపాప్ మీ మాస్క్‌తోనే పెట్టించుకోండి.