డల్లాస్‌లో అన్నయ్య ఇంట్లో ఉండగా బ్రీడర్స్ కప్: యాప్ పనిచేస్తుందా, 200 డాలర్లు ఎలా కాయాలి?

పచ్చికబాట (ప్రశ్న)

అందరికీ నమస్తే. 2026 బ్రీడర్స్ కప్ గుర్రప్పందేలు అక్టోబర్ 30, 31 తేదీల్లో కెంటకీలోని కీన్‌లాండ్ ట్రాక్‌లో ఉన్నాయి కదా. ఆ శుక్ర, శనివారాలు మేం డల్లాస్‌లో అన్నయ్య వాళ్లింట్లో ఉంటాం. హైదరాబాద్ నుంచి విజిటర్ వీసా మీద వచ్చిన నాన్నగారు కూడా అక్కడే ఉంటారు. మలక్‌పేట రేసులు ఆయనకు కొట్టినపిండి, అమెరికా రేసులు మాత్రం కొత్త.

అడగాల్సినవి నాలుగు. నా బెటింగ్ ఖాతా కాలిఫోర్నియా చిరునామా మీద ఉంది, టెక్సాస్‌లో పనిచేస్తుందా? ముగ్గురికీ కలిపి 200 డాలర్లు అనుకున్నాం, 14 రేసులకూ పంచడం మంచిదా? విన్, ప్లేస్, టనాలా అని నాన్నగారు చెప్పేవాటికి ఇక్కడ ఏం పేర్లు? ఆయన చేతిలో ఉన్న టికెట్టుకు పెద్ద మొత్తం తగిలితే టాక్స్ సంగతేంటి?

టోట్‌బోర్డు

మొదటిదానికి జవాబు: పనిచెయ్యదు. గుర్రప్పందేలకు టెక్సాస్‌లో ఆన్‌లైన్‌లోగానీ ఫోన్‌లోగానీ కాయడం కుదరదు. లైసెన్సు ఉన్న ట్రాక్‌కు మనిషి వెళ్లి కౌంటర్లో కాయాల్సిందే. యాప్ ఫోన్ లొకేషన్ చూసి ఆపేస్తుంది. వీపీఎన్‌తో ప్రయత్నించకండి. గెలిచాక ఖాతా స్తంభింపజేస్తే ఆ డబ్బు కోసం వాదించడానికి మీ దగ్గర ఏ ఆధారమూ ఉండదు. కాలిఫోర్నియాలో ఉన్న స్నేహితుడికి పాస్‌వర్డ్ ఇచ్చి కాయించడమూ నిబంధనలకు విరుద్ధమే.

బయల్దేరే ముందు కాలిఫోర్నియాలో ఉండగానే కొన్ని పందేలు కాసుకోవచ్చు, అడ్వాన్స్ వేజరింగ్ (రేసు రోజుకు ముందే కాయడం) అప్పటికే తెరిచి ఉంటే. కానీ మర్నాడు వాన పడి ట్రాక్ బురదైనా, మీ గుర్రానికి పోటీగా ముందుండి పరిగెత్తేది తప్పుకున్నా, టెక్సాస్‌లో కూర్చుని ఆ టికెట్టు మార్చలేరు. అందుకని మరీ నమ్మకమున్న ఒకటి రెండిటికే ఈ దారి వాడండి.

మిగతావాటికి గ్రాండ్ ప్రైరీలోని లోన్ స్టార్ పార్క్ వెళ్లండి. డల్లాస్‌కీ ఫోర్ట్‌వర్త్‌కీ మధ్యలో ఉంటుంది. 2004లో బ్రీడర్స్ కప్ జరిగింది అక్కడే, ఘోస్ట్‌జాపర్ అనే గుర్రం అందులో ప్రధాన రేసైన క్లాసిక్ గెలిచిన ఏడాది. వేరే ట్రాక్‌ల రేసులు టీవీల్లో చూస్తూ కాసే సైమల్‌కాస్ట్ హాల్ ఉంది. బ్రీడర్స్ కప్ శనివారం జనం బాగా వస్తారు కాబట్టి టేబుళ్ల సంగతి ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ముగ్గురూ ఫొటో ఐడీ పెట్టుకోండి, నాన్నగారికైతే పాస్‌పోర్టు. ప్రోగ్రాంలో వేసే టైములు కెంటకీవి, డల్లాస్‌లో ఒక గంట తక్కువ.

కౌంటర్లో చెప్పే వరస ముఖ్యం: ట్రాక్ పేరు, రేసు నంబరు, మొత్తం, పందెం రకం, చివర గుర్రం నంబరు. "కీన్‌లాండ్, రేస్ ఎనిమిది, ఐదు డాలర్లు విన్, నంబర్ ఆరు." ట్రాక్ పేరు వదిలేస్తే అదే సమయంలో నడుస్తున్న ఇంకో ట్రాక్ మీద టికెట్టు కొట్టే ప్రమాదముంది. గుర్రం పేరు చెప్పొద్దు, నంబరే చెప్పాలి. టికెట్టు చేతికి రాగానే అక్కడే నిలబడి ఐదూ సరిచూడండి. రేసు మొదలైతే తప్పు దిద్దడం ఎవరివల్లా కాదు.

మిషన్ మీద కాస్తే మిగిలిన డబ్బుకు వోచర్ వస్తుంది. జేబులో పాత టికెట్ల మధ్య అది పడి చెత్తబుట్టలోకి పోవడం మామూలే, విడిగా పెట్టుకోండి. ఊరికి తిరిగెళ్లే ముందే గెలిచిన టికెట్లూ వోచర్లూ మార్చేసుకోండి. అవి ఎవరి చేతిలో ఉంటే వాళ్లవే, పైగా గడువుంటుంది.

గోల్కొండ

మూడో ప్రశ్నకు నేను చెప్తాను. మలక్‌పేట అలవాటుతో వచ్చినవాళ్లు ఇక్కడ డబ్బు పోగొట్టుకునేది ఎక్కువగా ఒక్క మాట దగ్గర: ప్లేస్.

మన దగ్గర ప్లేస్ అంటే పరిగెత్తే గుర్రాల సంఖ్యను బట్టి మూడో స్థానానికి కూడా డబ్బు వస్తుంది. అమెరికాలో ప్లేస్ అంటే మొదటి రెండు స్థానాలే, రేసులో 14 గుర్రాలున్నా సరే. మూడో స్థానం కూడా కావాలంటే "షో" అని అడగాలి. నాన్నగారు "ప్లేస్" అని చెప్పి, గుర్రం మూడోది వచ్చి, టికెట్టు పట్టుకుని కౌంటర్‌కు వెళ్తే రిక్తహస్తాలే. ఆయన మనసులో ఉన్న ప్లేస్‌కు ఇక్కడి పేరు షో అని మొదటి రేసుకు ముందే చెప్పండి.

మిగతావి తేలిక. ఫోర్‌కాస్ట్‌ను ఇక్కడ ఎగ్జాక్టా అంటారు, మొదటి రెండూ వరసలో. టనాలా అంటే ట్రైఫెక్టా, మొదటి మూడూ వరసలో. నాలుగూ వరసలో చెప్తే సూపర్‌ఫెక్టా. వరస రేసుల విజేతల్ని పట్టే మన ట్రెబుల్, జాక్‌పాట్ లాంటివి పిక్ 3, పిక్ 4, పిక్ 5, పిక్ 6. ఎస్‌హెచ్‌పీ లాంటి, రెండో స్థానానికి మాత్రమే కాసే పూల్ ఇక్కడ ఉండదు.

ధరలు రాసే పద్ధతి కూడా చెప్పాలి. బోర్డు మీద 5-2 అంటే 2 డాలర్లకు 5 లాభం, పందెం సొమ్ముతో కలిపి 7 చేతికొస్తాయి. 4-5 అంటే 3.60. విన్, ప్లేస్, షో డివిడెండ్లు (గెలిచిన టికెట్టుకు వచ్చే మొత్తం) 2 డాలర్ల లెక్కన ప్రకటిస్తారు, కాబట్టి "6.40" అని చూసి ఆరు రెట్లనుకోవద్దు.

ఇంకొకటి. మన రేస్‌కోర్సులో బుక్‌మేకర్ రాసిచ్చిన ధర రాసినప్పుడే ఖాయం. ఇక్కడంతా టోట్, అంటే కాసినవాళ్ల డబ్బంతా ఒక పూల్‌లో వేసి గెలిచినవాళ్లకు పంచడం. మీరు కాసినప్పుడు 6-1 ఉన్న గుర్రం గేట్లు తెరుచుకున్నాక 4-1 కావచ్చు. అన్ని ఊళ్ల నుంచీ కంప్యూటర్లతో కాసేవాళ్ల డబ్బు ఆఖరి నిమిషంలో పూల్‌లో పడుతుంది, లెక్క తేలి బోర్డు మీదికొచ్చేసరికి గుర్రాలు పరిగెత్తుతుంటాయి. అందులో మోసమేమీ లేదని ఆయనకు ముందే చెప్పి ఉంచండి, అలవాటు లేనివాళ్లకు అది చూస్తే అనుమానమొస్తుంది.

కెంటకీలో మంచి విషయం, 2022 నుంచి చెల్లింపును పైసా వరకూ లెక్కగడుతున్నారు. ఆ ఏడాది కీన్‌లాండ్‌లోనే ఫ్లైట్‌లైన్ అనే గుర్రం క్లాసిక్ గెలిస్తే 2 డాలర్లకు 2.88 వచ్చింది. పాత పద్ధతిలోనైతే ఆ 8 సెంట్లు కోసేసి 2.80 ఇచ్చేవారు. ఫేవరెట్ల (ఎక్కువ డబ్బు పడ్డ గుర్రాల) మీద కాసేవాళ్లకు ఇది చిన్న తేడా కాదు.

లెక్కలపుస్తకం

14 రేసులకూ పంచొద్దు. 200ని 14తో భాగిస్తే రేసుకు 14 డాలర్ల చిల్లర. దాన్ని ముగ్గురూ చెరో పందెం కింద చీలిస్తే ఏ నమ్మకానికీ బలం ఉండదు.

శుక్రవారం ఐదు రేసులూ రెండేళ్ల పిల్లలవి. చాలావాటికి రెండు మూడు పరుగుల చరిత్రే ఉంటుంది. యూరప్ నుంచి వచ్చినవాటికి బేయర్ అంకె (పరుగు వేగానికి అమెరికాలో ఇచ్చే అంకె) ఉండదు, రేసింగ్ పోస్ట్ లేదా టైమ్‌ఫార్మ్ రేటింగ్ ఉంటుంది. ఆ స్కేళ్లు వేరు. ఒకదానికి 95, ఇంకోదానికి 112 అని చూసి రెండోది మెరుగనుకుంటే పప్పులో కాలేసినట్టే. అందుకే శుక్రవారం రెండు రేసులు చాలు. శనివారం తొమ్మిది, వాటిలో మూడు నాలుగు ఎంచుకోండి.

ఇక కాంబినేషన్లు. బిల్లు తడిసి మోపెడయ్యేది ఇక్కడే. ట్రైఫెక్టా బాక్స్‌లో (పెట్టిన గుర్రాలు ఏ వరసలో వచ్చినా చెల్లే టికెట్టు) నాలుగు గుర్రాలు పెడితే 4×3×2, అంటే 24 వరసలు. 50 సెంట్ల చొప్పున 12 డాలర్లు. ఐదు పెడితే 60 వరసలు, 30 డాలర్లు. ఆరు పెడితే 120 వరసలు, 60 డాలర్లు. ఇలా ఒక్కో గుర్రం కలిపినప్పుడల్లా ఖర్చు కనీసం రెట్టింపు. అసలు బాక్స్ అంటేనే ఆరు గుర్రాలూ సమానంగా గెలుస్తాయని ఒప్పుకున్నట్టు. నిజంగా అలా అనిపిస్తే ఆ రేసు వదిలెయ్యడమే మంచిది.

అదే మీకు నచ్చిన ఒక గుర్రాన్ని పైన పెట్టి, కింద రెండు, మూడు స్థానాలకు ఐదింటిని పెట్టండి. 1×5×4, 20 వరసలు, 10 డాలర్లు. మొత్తం ఆరు గుర్రాలూ టికెట్టు మీదున్నాయి, బాక్స్‌లో ఆరవ వంతు ఖర్చు. పై గుర్రం రెండోదొస్తే పోయినట్టే, దాన్ని ముందే ఒప్పుకోండి.

పిక్ 4కి ఒక్కో రేసులో పెట్టిన గుర్రాల సంఖ్యలు గుణించాలి. 2×3×2×4 అంటే 48, అర డాలరు చొప్పున 24 డాలర్లు. ఏదో ఒక రేసు అర్థం కాలేదని అందులో "ఆల్" (అన్ని గుర్రాలూ) అన్నారనుకోండి. ఆ నాలుగు కాస్తా 12 అయితే 144 వరసలు, 72 డాలర్లు.

నా లెక్క ఇది. శుక్రవారం రెండు రేసుల్లో 20 చొప్పున విన్, 40. శనివారం మూడు రేసుల్లో 20 చొప్పున విన్, 60. ఒక ట్రైఫెక్టా 10, ముగ్గురూ కలిసి కాసే పిక్ 4 ఒకటి 24. అక్కడికి 134. నాన్నగారికి విడిగా ఆయన ఇష్టానికి 40 ఇవ్వండి, ఆయన షో కాసుకుంటారో ఎగ్జాక్టా కాసుకుంటారో ఎవరూ అడగొద్దు. మిగిలిన 26 క్లాసిక్ వరకూ ముట్టుకోవద్దు. విన్‌కు ఎందుకంత మొగ్గంటే, విన్, ప్లేస్, షో పూల్‌ల నుంచి ట్రాక్ కోసుకునే వాటా ట్రైఫెక్టాలాంటి వాటికన్నా తక్కువ.

పచ్చికబాట

అందరికీ చాలా థాంక్స్. ప్లేస్, షో తేడా నాకే సరిగ్గా తెలియదు. రెండు సందేహాలు మిగిలాయి. పిక్ 4లో ఒక రేసుకు ఒకే గుర్రం పెట్టి, అది ఆఖర్లో తప్పుకుంటే? టాక్స్ గురించి కూడా ఎవరైనా చెప్పగలరా?

ఫారాలు

టాక్స్ సంగతి. రేసుల్లో ట్రాక్ మీ వివరాలు తీసుకుని టాక్స్ ఫారం ఇచ్చేది రెండు షరతులూ కుదిరినప్పుడే: గెలుపు హద్దు దాటాలి, కాసినదానికి కనీసం 300 రెట్లు ఉండాలి. ఆ హద్దు ఏళ్ల తరబడి 600 డాలర్లు, 2026 నుంచి 2,000కు పెంచారు. 300 రెట్ల లెక్కకు ఆ పూల్‌లో మీ టికెట్టు మొత్తం ఖర్చు చూస్తారు, గెలిచిన ఒక్క వరస ఖర్చు కాదు. 24 డాలర్ల పిక్ 4 అయితే 7,200 దగ్గరికి వస్తేగానీ ఆ ఫారం అవసరం రాదు. ఇది 2017లో వచ్చిన మార్పు. పాత వ్యాసాలు చదివి భయపడొద్దు. ఫారం రాకపోయినా అది ఆదాయమే, రిటర్నులో చూపించాలి.

నాన్నగారి విషయం వేరు. విజిటర్ వీసా మీద ఉన్నవాళ్లు మామూలుగా టాక్స్ లెక్కలో నాన్‌రెసిడెంట్లు. అలాంటి టికెట్టు ఆయన పాస్‌పోర్టుతో మారిస్తే 30 శాతం కోసుకుని 1042-ఎస్ ఫారం ఇస్తారు. భారత్‌తో ఉన్న ఒప్పందంలో దీనికి మినహాయింపు లేదు, ఓడిన పందేలను తీసివేసే వీలూ ఆయనకు ఉండదు.

ముగ్గురూ డబ్బు వేసిన టికెట్టయితే ఒకరి పేరు మీదే మార్చి తర్వాత పంచుకోవద్దు. మొత్తం ఆదాయం ఆ ఒక్కరి తలమీద పడుతుంది. కౌంటర్లో ఫారం 5754 అడగండి. ఎవరెవరికి ఎంతెంతో అందులో రాస్తే ఎవరి వాటా కాగితం వాళ్లకొస్తుంది. ఎవరు ఎంత వేశారో కాసేముందే రాసుకుని ముగ్గురి ఫోన్లలోనూ ఉంచండి. నాన్నగారికి విడిగా ఇచ్చిన 40 డాలర్ల టికెట్లు నిజంగా ఆయనవైతే ఆయన పేరు మీదే మార్చాలి, 30 శాతం తప్పించడానికి మీరు మార్చడం సరికాదు.

టోట్‌బోర్డు

తప్పుకున్న గుర్రం గురించి: విన్, ప్లేస్, షో అయితే డబ్బు వాపసు. ట్రైఫెక్టాలో ఆ గుర్రమున్న వరసల డబ్బు మాత్రమే వెనక్కిస్తారు. పిక్ 4లో మాత్రం వాపసు ఉండదు. మీ గుర్రం స్థానంలో ఆ రేసు మొదలయ్యే సమయానికి ఫేవరెట్‌గా ఉన్న గుర్రాన్ని పెడతారు. కొన్నిచోట్ల ప్రత్యామ్నాయం మీరే ముందు చెప్పుకోవచ్చు, కౌంటర్లో అడగండి. ఫేవరెట్‌ను కావాలనే వదిలేసి వేరే గుర్రాన్ని పెట్టినవాళ్లకు, గెలిచినా, అనుకున్నంత డివిడెండ్ రాదు. అందుకే ఒకే గుర్రం పెట్టే రేసు పిక్ 4లో మొదటిదైతే మేలు. తప్పుకున్న సంగతి టికెట్టు కొట్టే ముందే దాదాపు తెలిసిపోతుంది.

శుక్రవారం రెండు రేసులు ఎంచుకునేటప్పుడు ఒకటి చూడండి. కీన్‌లాండ్ మట్టి ట్రాక్ మీద మైలూ పదహారో వంతు రేసులు ముందున్న ఇంకో గీత దగ్గరే ముగుస్తాయి, ఆఖరి మలుపు తర్వాత సాగే నేరుబాట పొట్టిది. జువెనైల్, జువెనైల్ ఫిల్లీస్ ఆ దూరానివే. వెనక నుంచి దూసుకొచ్చే గుర్రానికి చోటు చాలదు. గత పరుగుల్లో మొదటి అరమైలుకు ముందు నాలుగైదింట్లో ఉన్నవాటినే చూడండి, బయటి గేటు పడ్డ గుర్రం మలుపులో ఎంత వెడల్పుగా పోవాల్సి వస్తుందో కూడా లెక్కేసుకోండి.