వాళ్ల పార్టీ జాబితాలో ఎందుకు లేదు?

వెన్నెల: మధ్యాహ్నం భోజనం చేసి కూర్చున్నదాన్ని, దీపాలు పెట్టే వేళయింది. రేపు పత్రికకు వ్యాసం పంపాలి. ఇరవై వేల మంది అక్కడికి వలస వెళ్లారని, శాసనసభలోనూ ఉన్నారని రాశాను. తీరా 2022 ఫలితాలు చూస్తే ఆ పార్టీకి ఒక్క సీటూ లేదు! మూడుసార్లు వెతికాను. ఎవరి లెక్క తప్పు?

నాష్వా వాసి: ఏ రాష్ట్రం? ఏ పార్టీ?

వెన్నెల: అదేనండీ, ముళ్లపంది గుర్తువాళ్లు. ఫ్రీ స్టేట్ ప్రాజెక్ట్. ప్రభుత్వ జోక్యం తగ్గాలనేవాళ్లంతా ఒకే రాష్ట్రానికి, న్యూ హాంప్‌షైర్‌కు, చేరాలనే ఉద్యమం. అమెరికా ఉదారవాదులు.

పదసేవకుడు: ఉదారవాదులంటే లిబరల్స్. లిబర్టేరియన్లను స్వేచ్ఛావాదులు అనాలి. పైగా ఇది వలస కాదు. పొట్ట చేతపట్టుకుని పాలమూరు కూలీ బొంబాయి వెళ్తే వలస. రాజకీయం కోసం ముందే మాట ఇచ్చి ఇల్లు మారడం తరలింపు.

గోదావరి గట్టు: పోలవరం ముంపు గ్రామాలవాళ్లను అడగండి, తరలింపు అంటే ఏమిటో చెబుతారు.

నాష్వా వాసి: వాళ్లు రిపబ్లికన్ టికెట్ మీద నిలబడతారు, కొందరు డెమొక్రాట్ టికెట్ మీద. జాబితాలో విడిగా కనబడరు.

వెన్నెల: మరి సొంత పార్టీ, లిబర్టేరియన్ పార్టీ?

నాష్వా వాసి: న్యూ హాంప్‌షైర్‌లో గవర్నర్ లేదా సెనేటర్ ఎన్నికలో 4 శాతం ఓట్లు రాకపోతే పార్టీ గుర్తింపు ఉండదు. 2016లో వచ్చింది, 2018లో పోయింది. దిగువ సభలో మాత్రం 400 సీట్లు. మూడున్నర వేల జనాభాకు ఒకరు చొప్పున. జీతం ఏడాదికి 100 డాలర్లు. ఆ డబ్బుకు నిలబడేవాడే దొరకడు. పెద్ద పార్టీ టికెట్ పట్టుకుంటే సీటు చేతికొస్తుంది.

పాత కాగితాలు: మన ఎన్.జి. రంగా గారిని ఎవరూ తలవరేమి? 1959లో స్వేచ్ఛా వ్యాపారం కోరే స్వతంత్ర పార్టీ పెట్టినప్పుడు ఎవరినీ ఊరు మారమనలేదు. 1967లో లోక్‌సభలో 44 స్థానాలు!

గోదావరి గట్టు: 1974లో ఇంకో పార్టీలో కలిసిపోయింది కూడా.

పాత కాగితాలు: అది వేరే చర్చ.

నాష్వా వాసి: వెన్నెల గారూ, ఇంకో తప్పు. ఇరవై వేల మంది వెళ్లలేదు, సంతకం పెట్టారు. ఆ సంఖ్య నిండాక అయిదేళ్లలో వస్తామని మాట. 2016 ఫిబ్రవరిలో నిండింది. వచ్చింది వాళ్లలో కొంతమందే. వచ్చినవాళ్లకూ ఊరు అంత తేలిగ్గా లొంగలేదు. 2022 మార్చిలో ఇక్కడి క్రోయ్‌డన్ అనే చిన్న ఊళ్లో, జనమే బడ్జెట్‌పై ఓటేసే ఊరి సభ రోజున మంచు, సభకు వచ్చినవాళ్లు కొద్దిమంది. స్వేచ్ఛావాది ఒకాయన లేచి బడి బడ్జెట్‌ను 17 లక్షల డాలర్ల నుంచి 8 లక్షలకు దించాలన్నారు. 20–14తో నెగ్గింది. ఊరికి తెలిశాక మేలో మళ్లీ సభ పెట్టారు. 377–2తో పాత బడ్జెట్ తిరిగి వచ్చింది.

పదసేవకుడు: "ఊరి సభ" బాగుంది. గ్రామసభ అంటే మన చట్టం గుర్తొస్తుంది.

వెన్నెల: "సంతకం పెట్టారు" అని మార్చి పంపేశాను, థాంక్స్. వలసను అలాగే ఉంచాను.

పదసేవకుడు: ఉంచకుండా ఉండాల్సింది.

గోదావరి గట్టు: ఏ రాష్ట్రానికి వెళ్లాలని ప్రాజెక్ట్‌వాళ్లు 2003లో పెట్టుకున్న ఓటింగులో వయోమింగ్ రెండో స్థానంలో ఉందట కదా. దానికి ఓటేసినవాళ్లు ఏమయ్యారు?