కంపెనీ మారుతున్నాను, వైశాఖంలో చెల్లి పెళ్లికి గుణుపురం రావచ్చా?

అందరికీ నమస్కారం. మాది గుణుపురం. డల్లాస్ వచ్చి రెండేళ్లు కావస్తోంది, హెచ్‌-1బి అనే అమెరికా ఉద్యోగ వీసా మీద ఉన్నాను. కొత్త కంపెనీ వాళ్లు ఆఫర్ ఇచ్చారు, ఈ నెలాఖరుకి ట్రాన్స్‌ఫర్ ఫైల్ చేస్తామంటున్నారు, అంటే నన్ను వాళ్ల పేరు మీదకి మార్చమని పిటిషన్. వైశాఖంలో చెల్లి పెళ్లి. వీసా స్టాంపు ఆగస్టు దాకా ఉంది గాని దాని మీద పాత కంపెనీ పేరుంది. పిటిషన్ అందిందన్న రిసీట్ రాగానే కొత్తచోట చేరిపోయి, పది రోజులు ఇంటికొచ్చి వెళ్లిపోవచ్చా? "ఇప్పుడొస్తే మళ్లీ వెళ్లనివ్వరట కదరా" అని నాన్న రోజూ ఫోను. పెద్దవాళ్లెవరైనా చెప్పండి.

పర్లాకిమిడి నుంచి:

తమ్ముడూ, పెళ్లికి రా. అన్నయ్యవి నువ్వు లేకుండా ఏం పెళ్లి. కాకపోతే రిసీట్ పట్టుకుని విమానం ఎక్కకు, అప్రూవల్ చేతికొచ్చాక ఎక్కు.

ముందు ఆ పాత పేరు భయం వదిలించుకో. మన గిరిసోల చెక్‌గేటు చూశావు కదా. లారీని లోపలికి వదలడం వరకే గేటు దగ్గర పని. ఆ లారీ బరంపురంలో ఎన్నాళ్లుంటుంది, ఎవరి సరుకు మోస్తుంది అన్నదానికి వేరే కాగితాలుంటాయి. పాస్‌పోర్టులో స్టాంపు కూడా అలాంటి గేటు చీటీయే. నువ్వు అక్కడ ఎన్నాళ్లుండొచ్చో చెప్పేది ఐ-94. ఫలానా కంపెనీలో పనిచెయ్యొచ్చని చెప్పేది ఐ-797. కంపెనీ మారితే కొత్త ఐ-797 వస్తుంది, దాని అడుగున గడువు పెంచిన ఐ-94 ముక్క ఉంటుంది. స్టాంపు మాత్రం ఎలా ఉన్నది అలాగే ఉంటుంది. గడువు తీరకపోతే పాత కంపెనీ పేరున్నా చెల్లుతుంది, పక్కన కొత్త కంపెనీ ఐ-797 అసలు కాగితం చూపిస్తే సరి. నేనూ అలాగే రెండుసార్లు వచ్చి వెళ్లాను.

ఇక రిసీట్ సంగతి. 2000లో వచ్చిన చట్టం ప్రకారం, నీ స్టేటస్ సరిగ్గా ఉండగా కొత్త కంపెనీ పిటిషన్ వేస్తే, అప్రూవల్ రాకముందే అక్కడ చేరొచ్చు. చాలామంది చేరతారు, తప్పేం లేదు. కాని రేపు ఆ పిటిషన్ తిరస్కరిస్తే అక్కడ పని ఆపెయ్యాలి, పాత కుర్చీలో అప్పటికే ఇంకెవరో కూర్చుని ఉంటారు. అందుకే నన్నడిగితే ప్రీమియం, అంటే త్వరగా తేల్చడానికి అదనపు రుసుము, కట్టించుకో. 15 పనిదినాల్లో ఏదో ఒక జవాబు వస్తుంది. కాకపోతే ఆ జవాబు అప్రూవలే అవ్వాలని లేదు, మరిన్ని ఆధారాలు పంపమనీ అడగొచ్చు. ఆ లెక్క వేసుకునే టికెట్ కొను. రాజీనామా మాత్రం పిటిషన్ వెయ్యకముందు ఇవ్వకు, హెచ్ఆర్ వాళ్లు ఎంత తియ్యగా మాట్లాడినా.

అప్రూవల్ రాకుండా దేశం దాటితే ఏమవుతుంది? కంపెనీ వేసే కాగితంలో రెండు కోరికలుంటాయి. ఈ మనిషి మా దగ్గర పనిచెయ్యాలన్నది ఒకటి, ఇక్కడే ఉన్న ఇతని గడువు పొడిగించండి అన్నది రెండోది. మనిషే ఊళ్లో లేకపోతే రెండోదాని మీద పేచీ వస్తుంది. ఒకప్పుడైతే అది చిన్న తలనొప్పి. 2025 సెప్టెంబరు 21 నుంచి దేశం బయట ఉన్నవాళ్ల కోసం వేసే కొత్త పిటిషన్లకి లక్ష డాలర్ల రుసుము పెట్టారు కదా. లోపలే ఉండి కంపెనీ మారుతూ పొడిగింపు అడిగేవాళ్లకి అది వర్తించదని అక్టోబరు 20న అమెరికా వలస శాఖ యూఎస్‌సీఐఎస్ చెప్పింది. అయితే పొడిగింపుకి అర్హత లేదని తేల్చారనుకో, ఆ లక్ష వచ్చి నెత్తిన పడుతుంది. ఏ కంపెనీ కడుతుంది చెప్పు? పది రోజుల తొందర కోసం ఆ గొడవలో తలదూర్చకు.

మీ నాన్నగారి భయం ఎక్కడిదో నాకు తెలుసు. ఆ శుక్రవారం ప్రకటన వచ్చి ఆదివారం నుంచి అమలు అనేసరికి సెలవుకొచ్చినవాళ్లు సామాన్లు సర్దుకుని పరుగులు తీశారు, టీవీలో అదే చూపించారు. చెల్లే వీసా చేతిలో ఉన్నవాళ్లకి ఆ రుసుము లేదని మర్నాడే చెప్పారు గాని, ఆ మాట మన వీధుల దాకా రాలేదు. ఆయనకి మెల్లగా చెప్పు.

నిజంగా ఇరుక్కుపోయింది స్టాంపు గడువు తీరి వచ్చినవాళ్లు. 2025 సెప్టెంబరు 2 నుంచి ఇంటర్వ్యూ లేకుండానే స్టాంపు కొట్టించుకునే డ్రాప్‌బాక్స్ దాదాపు పోయింది, హెచ్‌-1బి వాళ్లంతా మళ్లీ ఇంటర్వ్యూకి వెళ్లాల్సిందే. డిసెంబరు 15 నుంచి సోషల్ మీడియా ఖాతాలు కూడా చూడటం మొదలుపెట్టారు, దానితో మనదేశంలో ఎంతోమంది అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కి జరిగాయి. ఏ మెక్సికోలోనో స్టాంపింగ్ చేయించుకుందామంటే అదీ కుదరదు, సొంత దేశంలోనో ఉంటున్న దేశంలోనో చేయించుకోమంటున్నారు. నీ స్టాంపు ఆగస్టు దాకా ఉందన్నావు కాబట్టి ఈ ఊబి జోలికి పోకు. ఎలాగూ వచ్చాను కదా, హైదరాబాదు వెళ్లి కొత్తది కొట్టించుకుందామనే బుద్ధి పుట్టనియ్యకు. పెళ్లి, భోజనం, తిరుగు ప్రయాణం, అంతే.

తిరిగి దిగాక ఒక పని ఉంది. 2018లో నేను అది చెయ్యక చావు తప్పి కన్ను లొట్టపోయినంత పనైంది. కొత్త ఐ-797 మీద మూడేళ్లుంది కదా అని ధీమాగా దిగాను. పాస్‌పోర్టుకి మాత్రం ఎనిమిది నెలలే మిగిలింది, నాకు ఆ ఊసే లేదు. ఎయిర్‌పోర్టులో అధికారి పాస్‌పోర్టు గడువు దాకే ఐ-94 ఇచ్చాడు. దిగినప్పుడు ఇచ్చేదే చివరి మాట, దాని ముందు ఐ-797 మీద ఉన్న తేదీ చెల్లదు. ఏడో నెలలో డ్రైవింగ్ లైసెన్స్ రెన్యూవల్‌కి వెళ్తే, ఐ-94 చూసి నాలుగు వారాలకే ఇస్తామన్నారు. అప్పుడు తెలిసింది. ఆ కౌంటరు దగ్గరికి వెళ్లకపోయి ఉంటే రోజూ ఆఫీసుకి వెళ్తూనే స్టేటస్ లేని మనిషినైపోదును. దిగిన రోజే ఐ-94 వెబ్‌సైటులో తేదీ చూసుకో. నిద్ర ఆ తర్వాతే.

బరంపురం అక్క, న్యూజెర్సీ:

అన్నయ్య మగవాళ్ల లెక్కే చెప్పాడు. తమ్ముడూ, నీకు పెళ్లయిందో లేదో రాయలేదు. అయి ఉంటే నీ పిటిషన్‌తో నీ మీద ఆధారపడిన భార్యకిచ్చే హెచ్‌-4 తనంతట తను పొడిగించుకోదు, దానికి ఐ-539 అనే పొడిగింపు దరఖాస్తు వేరే వెయ్యాలి. కంపెనీ లాయరుకి నువ్వు అడిగితేనే గుర్తొస్తుంది. నా ఐ-94 తీరడానికి పన్నెండు రోజుల ముందు మా ఆయనకి గుర్తొచ్చింది. ఆ ముచ్చట ఇంట్లో ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

ఇంకోటి. వీలైతే కొత్తచోట చేరి ఒకటి రెండు పే స్టబ్‌లు వచ్చాక బయల్దేరు. తిరిగొచ్చేటప్పుడు అక్కడ పనిచేస్తున్నావా అని అడిగితే చూపించడానికి ఉంటాయి. కంపెనీ లెటరు కూడా పెట్టుకో. అప్పడాలు, ఆవకాయ తెచ్చేటట్టయితే దిగినప్పుడు కస్టమ్స్ వాళ్లకి చెప్పెయ్యి, దాచకు.

గుణుపురం తమ్ముడు:

పెళ్లి కాలేదక్కా, చెల్లిదే ముందు. ప్రీమియం కడతామని కంపెనీ ఒప్పుకుంది. అన్నయ్యా, మీరు రాసింది చదివి పాస్‌పోర్టు తీసి చూశాను. వచ్చే జనవరి దాకానే ఉంది.

పర్లాకిమిడి నుంచి:

చూశావా. అయితే ఇవాళే రెన్యూవల్‌కి పెట్టు, అక్కడే అవుతుంది, వారాలు పడుతుంది. పాత పాస్‌పోర్టు పారెయ్యకు, స్టాంపు అందులోనే ఉంటుంది, అది చెల్లుతుంది. పాతది, కొత్తది రెండూ పట్టుకుని రా. విశాఖలో దిగి గుణుపురం బండి ఎక్కితే మా ఊరి మీదుగానే కదా వెళ్తావు, స్టేషనుకి టిఫిను తెస్తాను.