పడమటి ముఖం ఇంటికి అద్దాల ఎలివేషన్ పెట్టొచ్చా?

కర్నూలు, ఇల్లు కట్టుకునేవాడు:
మాది పడమటి ముఖం ప్లాటు. ముందంతా అద్దాలు, మేడ మీద ఐదడుగులు ముందుకొచ్చే బాల్కనీ గీసిచ్చారు. చూడ్డానికి అదిరింది. ఇంట్లో పెద్దవాళ్లు మాత్రం వద్దంటున్నారు. ఇల్లు కట్టేది ఒక్కసారే కదా, అందంగా ఉండాలనుకుంటే తప్పా?

అనంతపురం, సివిల్ ఇంజనీర్:
తప్పేం లేదన్నా. రోమ్‌లో విట్రూవియస్ రెండు వేల ఏళ్ల కిందటే కట్టడానికి గట్టితనం, ఉపయోగం, అందం మూడూ ఉండాలని రాశాడు. మీ ఊరి కొండారెడ్డి బురుజు కాపలాకి కట్టిందే, ఆ మందపాటి రాతిగోడ వల్లే దానికంత ఠీవి. మే నెల ఎండకి మీ అద్దాల గదిలో సాయంత్రం కూర్చోలేరు, పరదాలు వేసేస్తారు, ఇక ఆ అందం ఎవరికి?

కడప వాసి:
పైన రెండడుగుల సజ్జ వేస్తే సరిపోదా సార్? లేకుంటే పాత మట్టి మిద్దెల్లోలాగా గవాచి (పైకప్పులో వెలుతురు కోసం వదిలే కన్నం) వెలుతురుతో సర్దుకోమంటారా? మిద్దె చల్లగా ఉంటుంది, నిజమే. చౌడు మట్టి సరిగ్గా పరవకపోతే వానకి కారేదీ అదే.

అనంతపురం, సివిల్ ఇంజనీర్:
మిద్దె కట్టమనడం లేదు తమ్ముడూ. సజ్జ దక్షిణం కిటికీకి బాగా పనికొస్తుంది, మధ్యాహ్నం ఎండ పైనుంచి పడుతుంది కాబట్టి. నాలుగు దాటాక పడమటి ఎండ వాలిపోయి సజ్జ కిందుగా నేరుగా గదిలోకి దూరుతుంది, దానికి నిలువు పలకలో, కన్నాల జాలీ గోడో, లోతైన వరండానో కావాలి. వాటి నీడలతోనే ముందుభాగానికి అందం వస్తుంది, అద్దం ఖర్చూ తగ్గుతుంది.

నాకు అసలు భయం బాల్కనీ గురించి. అలా ముందుకొచ్చే స్లాబులో లాగుడు పైభాగాన ఉంటుంది, అందుకే మెయిన్ కడ్డీ పైన ఉండాలి, లోపలి స్లాబులోకి బాగా దూరం పోవాలి. కాంక్రీట్ పోసేటప్పుడు తొక్కితే అది కిందికి దిగిపోతుంది, పైకి ఏమీ కనబడదు, సెంట్రింగ్ తీశాక వంగుతుంది, ఒక్కోసారి విరిగి పడుతుంది కూడా. లేపాక్షిలో వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి మురిసిపోతాం గానీ, ఆ మండపం బరువు మోసేది మిగతా స్తంభాలే.

కర్నూలు, ఇల్లు కట్టుకునేవాడు:
బాల్కనీ మానుకోను సార్, ఏం చేయాలో చెప్పండి.

అనంతపురం, సివిల్ ఇంజనీర్:
మానొద్దు. ఎలివేషన్ బొమ్మతో సరిపెట్టక స్ట్రక్చరల్ ఇంజనీర్‌తో లెక్క వేయించండి, ఐదడుగులు మూడున్నర చేయొచ్చేమో అడగండి. స్లాబ్ పోసే రోజు పైకడ్డీ కింద చైర్లు, అంటే అది కిందికి దిగకుండా ఆపే వంచిన కడ్డీ ముక్కలు, పెట్టారో లేదో మీరే దగ్గరుండి చూసుకోండి.