పచ్చళ్ల వ్యాపారానికి వెబ్‌సైట్ బయట చేయిద్దామనుకుంటున్నాం, మూడు కొటేషన్లు వచ్చాయి, దేనికి ఒప్పుకోవాలి?

కొరిటెపాడు_కారం

అందరికీ నమస్తే అండి. మాది గుంటూరు, కొరిటెపాడు. నేనూ మా అత్తయ్యగారూ ఇంటి దగ్గరే కారం, పచ్చళ్లు, పొడులు చేసి అమ్ముతాం. ఆరేళ్ల క్రితం మా వీధిలో వాళ్ల కోసం మొదలెట్టాం, ఇప్పుడు హైదరాబాద్, బెంగళూరు, చెన్నై దాకా పార్సిళ్లు వెళ్తున్నాయి, పనికి ఇంకో నలుగురు ఆడవాళ్లు వస్తారు. మిరపకాయలు మా మావయ్యగారే యార్డుకి వెళ్లి చేత్తో విరిచి చూసి తెస్తారు, తొడిమలు తీయించి మర ఆడించేదంతా మా కళ్లముందే. సరుకు విషయంలో నాకు ఏ బెంగా లేదు.

బెంగంతా ఆర్డర్ల దగ్గరే. మొత్తం వాట్సాప్‌లోనే నడుస్తోంది. ఆవకాయ సీజన్‌లో పొద్దున లేచేసరికి వందకి పైగా మెసేజ్‌లు ఉంటాయి, అవన్నీ నేను లాంగ్ నోట్‌బుక్‌లో ఎక్కించుకుని, అడ్రస్ అడిగి, పిన్‌కోడ్ మళ్లీ అడిగి, డబ్బులు వచ్చాయో లేదో మా ఆయన ఫోన్‌లో చూసి టిక్ పెట్టుకోవాలి. పోయిన మే నెలలో ఒకే పేరుతో ఇద్దరు ఆర్డర్ పెట్టారు, బెల్లం ఆవకాయ వెళ్లాల్సిన ఇంటికి వెల్లుల్లి ఆవకాయ వెళ్లిపోయింది. ఆవిడ వెల్లుల్లి అసలు ముట్టరు. రెండూ మళ్లీ పంపాం గానీ ఆవిడ ఫోన్‌లో మాట్లాడిన మాట ఇప్పటికీ గుర్తొస్తుంది.

అందుకని వెబ్‌సైట్ పెట్టుకుని ఆర్డరూ పేమెంటూ అందులోనే అయిపోయేట్టు చేద్దామనుకుంటున్నాం. మా ఇంట్లో ఎవరికీ ఆ పని రాదు కాబట్టి బయటికి ఇవ్వాల్సిందే. బ్రాడీపేటలో తెలిసినవాళ్ల అబ్బాయి బీటెక్ అయిపోయింది, 15 వేలకి చేస్తానన్నాడు. విజయవాడలో ఒక ఆఫీసువాళ్లు 65 వేలు ప్లస్ జీఎస్టీ అన్నారు. ఫేస్‌బుక్‌లో యాడ్ చూసి ఫోన్ చేస్తే ఇంకొకళ్లు 8 వేలు, డొమైన్ (సైట్ అడ్రస్ అంట) ఫ్రీ, హోస్టింగ్ (సైట్ ఇంటర్నెట్‌లో ఉండే చోటంట) మొదటి సంవత్సరం ఫ్రీ, ఇవాళే అడ్వాన్స్ కడితే ఇంకో వెయ్యి తగ్గిస్తామన్నారు. ఒకే పనికి ఇంత తేడా ఏంటో అర్థం కావట్లేదు. ఎవర్ని ఏం అడగాలో కూడా తెలియట్లేదు, ఇలా చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్. ఏప్రిల్‌కి మొదలైపోవాలి మాకు.

ఆటోనగర్_స్పేర్స్

అమ్మా, రేటు సంగతి తర్వాత. ముందు ఆ డొమైన్ ఎవరి పేరు మీద కొంటారో ముగ్గుర్నీ అడుగు. ఆ ఒక్క ప్రశ్న నేను అడక్క ఎంత నష్టపోయానో చెప్తా.

మాది విజయవాడ ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపు. 2018లో ఒకతను వచ్చి 10 వేలకి వెబ్‌సైట్ చేశాడు, బాగానే చేశాడు, ఒరిస్సా నుంచి కూడా ఫోన్లు వచ్చేవి. డొమైన్ మాత్రం అతని మెయిల్‌తో, అతని పేరు మీదే కొన్నాడు. అట్టాంటిది ఒకటి ఉంటుందనే నాకు తెలియదు. ఏటా రెన్యువల్ అని డబ్బులు అడిగేవాడు, ఇచ్చేవాణ్ణి. మూడేళ్లు పోయాక అతనికి వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చింది, నంబర్ మారింది, రెన్యువల్ చేయమని వచ్చే మెయిళ్లన్నీ అతనికే పోతన్నాయి, అతను చూళ్లేదు. ఒకరోజు గన్నవరం నుంచి పాత కస్టమర్ ఫోన్ చేసి ఏందన్నా మీ సైట్ తెరిస్తే పేకాట బొమ్మలు వస్తన్నాయి అన్నాడు.

డాట్ కామ్‌కి గడువు అయిపోయాక కొన్నాళ్లు మామూలు రేటుకే కట్టుకోవచ్చంట, ఆ తర్వాత 30 రోజులు ఫైన్ లాగా ఎక్కువ కట్టి వెనక్కి తెచ్చుకోవచ్చంట, అదీ దాటితే 5 రోజుల్లో ఎవరైనా కొనుక్కునేట్టు వదిలేస్తారంట. మాకు తెలిసేసరికి అన్నీ దాటిపోయి వేరేవాళ్లు కొనేశారు. బిల్లు పుస్తకాలు, క్యాలెండర్లు, డెలివరీ ఆటో వెనకాల, అన్నిచోట్లా ఆ అడ్రస్సే. ఆటో వెనక రాసిందాని మీద పెయింటర్‌తో తెల్లరంగు కొట్టించా, ఎండ పడితే కింద అక్షరాలు ఇప్పటికీ కనపడతాయి.

స్థలం మన పేరు మీద కొనుక్కుని ఇల్లు కట్టే పని మేస్త్రీకి అప్పజెప్తాం గానీ స్థలమే మేస్త్రీ పేరు మీద రాయిస్తామా? డొమైన్ నీ మెయిల్‌తో, నీ ఫోన్‌కి ఓటీపీ వచ్చేట్టు, నీ కార్డుతో కొనుక్కో. ఏడాదికి వెయ్యి చిల్లర, అంతే. చేతకాకపోతే ఆ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని నీ ఫోన్‌లో చేయించు. ఫ్రీ డొమైన్ అన్నవాళ్లని మాత్రం నమ్మొద్దు, ఆ ఫ్రీ నాకు చాలా ఖరీదు పడింది.

బెంజ్‌సర్కిల్_డెవ్

ఆటోనగర్ అన్నగారు చెప్పింది అక్షరాలా నిజం అండి. నేను తొమ్మిదేళ్ల నుంచి ఇదే పని చేస్తున్నా, నా దగ్గరికి వచ్చే వాళ్లలో చాలామంది పాత డెవలపర్ ఫోన్ ఎత్తట్లేదనే వస్తారు. డొమైన్ ఇప్పటికే వేరేవాళ్ల దగ్గర ఇరుక్కున్నవాళ్లు వాళ్లని ఆథ్ కోడ్ అడిగి తీసుకోండి, అది ఉంటేనే ఇంకో చోటికి మార్చుకోగలరు.

రేటు తేడా ఎందుకంటే మేడం, 8 వేలకి చేసేవాళ్లు రెడీమేడ్ థీమ్, అంటే ముందే తయారుచేసిన డిజైన్, ఒకటి వేసి మీ పేరూ ఫోటోలూ మార్చి ఇస్తారు. అది తప్పేం కాదు, వర్డ్‌ప్రెస్ అనే సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్‌లో థీమ్ వాడి చేయడం అందరం చేసేదే. కానీ డబ్బులు పెట్టి కొనాల్సిన థీమ్‌ని, ప్లగిన్‌ని (సైట్‌కి అదనపు పనులు చేర్చే చిన్న సాఫ్ట్‌వేర్) పైరసీ కాపీ తెచ్చి వేసేవాళ్లు ఉన్నారు, వాటిల్లో వైరస్ కోడ్ దాచి ఉండొచ్చు, ఆర్నెల్ల తర్వాత మీ సైట్ నొక్కితే ఇంకో సైట్‌కి పోవచ్చు. లైసెన్సు ఎవరి పేరు మీద కొన్నారో బిల్లు చూపించమనండి. ఎస్‌ఎస్‌ఎల్‌కి (సైట్‌లో కొట్టిన వివరాలు భద్రంగా వెళ్లేట్టు చేసే సర్టిఫికెట్) ఏడాదికి మూడు వేలు అని రాస్తే అది కూడా అడగండి, లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్లది ఫ్రీగానే వస్తుంది, మీ సైజు షాపుకి అది చాలు.

65 వేలు ప్లస్ జీఎస్టీ అంటే 18 శాతం, 11,700 కలిపి 76,700 కట్టాలి. మీకు జీఎస్టీ ఉందా? వేరే రాష్ట్రాలకి సరుకు అమ్ముతున్నారు కాబట్టి టర్నోవర్ ఎంతైనా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఉంటే, వాళ్లు మీ నంబర్ వేసి సరైన బిల్లు ఇస్తే ఆ 11,700 ఇన్‌పుట్ క్రెడిట్ కింద, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవడానికి, వాడుకోవచ్చు, మీ ఆడిటర్‌ని అడగండి.

ఇంకోటి చాలామందికి తెలియదు. మన దగ్గర జీతానికి చేసే మనిషి ఉద్యోగంలో భాగంగా చేసిన పని మనది అవుతుంది, బయటివాళ్లకి ఇచ్చి చేయించిన డిజైనూ కోడూ మాత్రం 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ముందు చేసినవాళ్లవే, డబ్బులు కట్టినంత మాత్రాన మనవి అయిపోవు, రాసి ఇవ్వాలి. రాసేటప్పుడు ఎన్నాళ్లకో రాయకపోతే 5 ఏళ్లకే అని లెక్క, ఏ దేశాలకో రాయకపోతే ఇండియా వరకే అని లెక్క. అందుకని కాయితం మీద హక్కులన్నీ శాశ్వతంగా, అన్ని దేశాలకీ మాకే అని ఒక్క వాక్యం రాయించి సంతకం తీసుకోండి. నా క్లయింట్లకి ఇది నేనే రాసిస్తా, లాస్ట్ పేమెంట్ పడ్డాక వర్తిస్తుంది అని కూడా రాస్తా, అది నా రక్షణకి.

పేమెంట్ గేట్‌వే, అంటే సైట్‌లోనే డబ్బులు తీసుకునే ఏర్పాటు, కావాలంటే సైట్‌లో రిఫండ్, షిప్పింగ్, ప్రైవసీ, టర్మ్స్, కాంటాక్ట్ పేజీలు ఉండాలి, లేకపోతే అప్రూవల్ రాదు. గేట్‌వేవాళ్లు మామూలుగా ప్రతి పేమెంట్‌లో 2 శాతం దాకా, దాని మీద జీఎస్టీ పట్టుకుంటారు. మీది ప్యాకింగ్ సరుకు కాబట్టి డబ్బా మీద ఉండే ఎంఆర్‌పీ, నెట్ వెయిట్, తయారుచేసినవాళ్ల పేరూ అడ్రసూ సైట్‌లో కూడా కనపడాలి, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఫుడ్ లైసెన్సు) 14 అంకెల నంబర్ కూడా వేయించండి. కంప్లయింట్ వస్తే ఎవరికి చెప్పాలో పేరూ ఫోనూ పెట్టాలి, 2020లో వచ్చిన ఈ-కామర్స్ రూల్స్‌లో ఉంది. ఇవేవీ ఆ అబ్బాయికి తెలియకపోవచ్చు, మీరే లిస్టు ఇవ్వండి.

తెలుగులో మ్యాటర్ పెట్టాలనుకుంటే డీటీపీ షాపులో కొట్టించిన అను ఫాంట్ ఫైల్ ఇవ్వకండి. ఫ్లెక్సీకి అది బాగుంటుంది, సైట్‌లో పేస్ట్ చేస్తే ఆవకాయ అన్నచోట పిచ్చి గుర్తులు వస్తాయి, గూగుల్‌లో వెతికినా దొరకదు. ఫోన్‌లో తెలుగు కీబోర్డుతో టైప్ చేసిందే ఇవ్వండి, అది యూనికోడ్, ఏ ఫోన్‌లోనైనా తెలుగుగానే కనపడే పద్ధతి. ఫాంట్లు గూగుల్‌లో మండలి, రామభద్ర లాంటివి ఫ్రీగా ఉన్నాయి.

చివరగా బ్యాకప్. మాది సింగ్‌నగర్. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వచ్చినప్పుడు కింద పోర్షన్‌లో ఉన్న నా సిస్టమ్, పక్కనే ఉన్న హార్డ్ డిస్క్ రెండూ మునిగిపోయాయి. పిల్లల్ని మేడ మీదికి ఎక్కించే తొందరలో ఇంకేం తీయలేకపోయాం. అందులో ఇంకా ఆన్‌లైన్‌లోకి ఎక్కించని ఇద్దరు క్లయింట్ల సైట్లకి నా దగ్గరున్న కాపీ తప్ప ఇంకో కాపీ లేదు. తప్పు పూర్తిగా నాదే, ఇద్దరికీ మళ్లీ మొదట్నుంచీ ఫ్రీగా కట్టి ఇచ్చా, రెండు నెలలు పట్టింది. అప్పట్నుంచి ప్రతి నెలా ఒక కాపీ క్లయింట్ గూగుల్ డ్రైవ్‌లోకే వెళ్లేట్టు పెడుతున్నా. మీరూ అలాగే అడగండి. ఎంత మంచివాడైనా ఒక్క మనిషి ఇంట్లో ఒక్క డబ్బాలో మీ వ్యాపారం ఉండకూడదు.

పటమట_పొడులు

అక్కా నేను కూడా ఇదే లైన్‌లో ఉన్నా, పటమటలో సున్నుండలు, పొడులు చేస్తాం. వాళ్లు చెప్పినవన్నీ కరెక్టే కానీ నేను దెబ్బ తిన్నది షిప్పింగ్ దగ్గర. మాకు చేసినావిడ షిప్పింగ్ 80 రూపాయలు అని ఒకే రేటు పెట్టేసింది, నాకూ అప్పుడు తట్టలేదు. మొదటి వారంలోనే పుణె నుంచి ఒకళ్లు 6 కేజీలు ఆర్డర్ పెట్టి 80 కట్టారు, కొరియర్‌వాడు తూకం వేసి చెప్పిన రేటుకి నా లాభం అంతా అందులోనే పోయింది. మీవి పచ్చళ్లు, ఇంకా బరువు, పైగా నూనె కారకుండా డబ్బా మూతకి టేపు, కవరు, థర్మాకోల్, ఆ అట్టపెట్టె బరువు కూడా తూకంలో కలుస్తుంది కదా. కేజీని బట్టీ పిన్‌కోడ్‌ని బట్టీ రేటు మారేట్టు చేయగలరా అని ముందే అడుగు. అది చేసి చూపించినవాళ్లకే పని ఇవ్వు, నా మటుకు రేటు కన్నా అదే ముఖ్యం.

ఇంకోటి, ధరలు నువ్వే మార్చుకునేట్టు ఉండాలి. మిర్చి రేటు యార్డులో వారానికోసారి మారుద్ది, ప్రతిసారీ ఆ అబ్బాయికి ఫోన్ చేసి అన్నా ఈ రేటు మార్చు అంటే వాడు పరీక్షలనో పెళ్లనో ఉంటాడు. మాకు మూడు రోజులు పాత రేటుకే ఆర్డర్లు పడ్డాయి ఒకసారి. పని అప్పజెప్పేరోజు పక్కన కూర్చుని నీ చేత్తో ఒక రేటు మార్చి, ఒక ఐటెం స్టాక్ లేదు అని పెట్టి, ఒక ఆర్డర్ క్యాన్సిల్ చేసి చూడు. ఆ మూడూ నీకు వచ్చాకే చివరి డబ్బులు ఇవ్వు.

నిజం చెప్పాలంటే మొదటి సంవత్సరం అన్ని ఐటెంలూ పెట్టకు. ఎక్కువ పోయే పదో పన్నెండో పెట్టు, మిగతావి వాట్సాప్ బిజినెస్ క్యాటలాగ్‌లో ఉంచు, అది ఫ్రీనే కదా. గూగుల్ మ్యాప్స్‌లో షాపు పెట్టావా? అదీ ఫ్రీనే, అది మాత్రం నీ మెయిల్‌తోనే చెయ్యి, బయటివాళ్లకి ఇవ్వకు.

కొరిటెపాడు_కారం

ఎంత థాంక్స్ చెప్పాలో తెలియట్లేదండి, రాత్రి అందరం కూర్చుని చదివాం, మా మావయ్యగారు మేస్త్రీ మాట విని అది నిజం అది నిజం అంటూనే ఉన్నారు. ఇవాళ ముగ్గురికీ ఫోన్ చేశా. 8 వేలవాళ్లు డొమైన్ మా పేరు మీద ఇవ్వం, అది మా ప్యాకేజీలో రాదు అన్నారు, సరే అని పెట్టేశా. విజయవాడ ఆఫీసువాళ్లు అన్నీ రాసిస్తామన్నారు గానీ రేట్లు మార్చాలంటే నెలకి ఇంత అని మెయింటెనెన్స్ కట్టాలంట, మేమే మార్చుకుంటామంటే దానికి వేరే ప్లాన్ అంట.

బ్రాడీపేట అబ్బాయికి కాపీరైట్ సంగతీ బ్యాకప్ సంగతీ తెలియదు, తెలియదనే చెప్పాడు, రెండ్రోజులు టైమ్ ఇవ్వండక్కా చదువుకుని వస్తా అన్నాడు. కేజీ ప్రకారం షిప్పింగ్ మాత్రం నిన్న రాత్రే ఒక శాంపిల్ చేసి లింక్ పంపాడు, 3 కేజీలు బెంగళూరుకి, 1 కేజీ తెనాలికి పెట్టి చూశా, రెండు రేట్లూ వేరేగా వచ్చాయి. నాకు అతనికే ఇవ్వాలనిపిస్తోంది. 15 కాదు, 25 ఇచ్చి, చెప్పినవన్నీ రాయించుకుని మూడు విడతల్లో కడదామని మా ఆయన అంటున్నారు. డెవ్ గారూ, 25 సరిపోతుందంటారా, అతను నష్టపోకూడదు కదా?

బెంజ్‌సర్కిల్_డెవ్

పది పన్నెండు ఐటెంలు, గేట్‌వే, షిప్పింగ్ వరకు అయితే కొత్తగా మొదలెట్టే అబ్బాయికి 25 న్యాయమే అండి. డొమైన్, హోస్టింగ్, లైసెన్సులు మాత్రం అందులో కలపకండి, అవి మీరే విడిగా కట్టండి. ఏప్రిల్ రష్‌లో సైట్ ఆగితే ఎన్ని గంటల్లో చూడాలో కూడా రాయించండి. తెలియనిది తెలియదు అని చెప్పిన అబ్బాయి కాబట్టి నాకు నమ్మకంగానే ఉంది. కాయితం రాశాక కావాలంటే నాకు పంపండి, చూసి చెప్తా, డబ్బులేం వద్దు. ఫోటోలు మాత్రం మీరే తీయండి, ట్యూబ్‌లైట్ కింద ఆవకాయ నల్లగా కనపడుద్ది, పొద్దున పదింటి లోపు వరండాలో నీడపట్టున తీస్తే నూనె మెరుపు వస్తుంది.

కొరిటెపాడు_కారం

అలాగేనండి. డొమైన్ ఇప్పుడే నా మెయిల్‌తో కొన్నా, మా పాప పక్కన కూర్చుని చేయించింది, ఓటీపీ నా ఫోన్‌కే వచ్చింది. ఆదివారం ఫోటోలు పెట్టుకున్నాం, అత్తయ్యగారు ఇప్పట్నుంచే పాత జాడీలు తోమిస్తున్నారు.